లాగిన్ పేజీలో ఎక్కడివో అంకెలు, కింద పాత పాస్‌వర్డ్: ఆటోఫిల్ ఎందుకిలా చేస్తోంది?

కలువరేకు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఒకే ఒక్క సైటుతో తల ప్రాణం తోకకొస్తోంది. జీతం స్లిప్పులు, సెలవులు చూసుకోవడానికి మా ఆఫీసువాళ్ళు పెట్టిన సైటు అది. ఇదివరకు పేజీ తెరిస్తే చాలు, యూజర్‌నేమూ పాస్‌వర్డూ వాటంతటవే పడేవి. నేను బటన్ నొక్కడమే మిగిలేది.

ఈమధ్య ఆ లాగిన్ పేజీ మార్చారు. అందరినీ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. అప్పటినుంచీ పేజీ తెరిస్తే 48213 అనో 70956 అనో ఏవో అంకెలు కనిపిస్తున్నాయి. నా ఉద్యోగి నంబరు రెండక్షరాలతో మొదలవుతుంది కాబట్టి అవి నావి కావు. పాస్‌వర్డ్ కూడా ఒక్కోసారి పాతదే పడుతోంది. చూసుకోకుండా మూడుసార్లు నొక్కేసరికి అకౌంటు లాక్ అయింది. ఇప్పటికి రెండుసార్లు అలా జరిగింది.

క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ చూశాను, రెండింట్లోనూ ఇదే వరస. మిగతా సైట్లన్నీ బాగానే ఉన్నాయి. ఇంకెవరైనా నా అకౌంటులోకి దూరారేమో అని టెన్షన్‌గా ఉంది. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11.

---

జెట్‌స్పీడ్ | సోమవారం, రాత్రి 9:52

హిస్టరీ, కుకీలు, క్యాష్ అన్నీ క్లియర్ చేసి రీస్టార్ట్ చేయండి. 99 శాతం సమస్యలు దానికే పోతాయి.

---

చిట్టిగువ్వ | సోమవారం, రాత్రి 10:05

కలువ గారూ, ఆగండి ఆగండి. ఇంకా ఏమీ నొక్కకండి.

జెట్‌స్పీడ్ గారి మీద కోపంతో కాదు, నా అనుభవంతో చెబుతున్నాను. క్యాష్‌కీ కుకీలకీ సేవ్ చేసిన పాస్‌వర్డ్లతో సంబంధం లేదు. అవి తుడిస్తే అన్ని సైట్లలోంచీ లాగౌట్ అవుతారు, ఆ పిచ్చి అంకెలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. అసలు ప్రమాదం వేరే ఉంది. ఆ తుడిచే కిటికీలో కొన్ని బ్రౌజర్లు పాస్‌వర్డ్లకూ, ఫారాల్లో నింపే వివరాలకూ కూడా టిక్కు పెట్టెలు పెడతాయి. నేను ఓసారి 'అన్నీ' అనుకుని వరసగా టిక్కులు కొట్టుకుంటూ పోయాను. సింక్ ఆన్‌లో ఉండడంతో ల్యాప్‌టాప్‌లో పోయినవి రెండు నిమిషాల్లో ఫోన్లోనూ పోయాయి. సింక్ అంటే బ్యాకప్ అనుకునేదాన్ని. కాదు. ఇక్కడ చేసిన తప్పును అక్కడా చేసిపెట్టేది సింక్.

ఆ రాత్రంతా 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' లింకులు నొక్కుతూ కూర్చున్నాను.

---

జెట్‌స్పీడ్ | సోమవారం, రాత్రి 10:09

సరే అక్కా, ఒప్పుకున్నాను. 98 శాతం.

---

పాతమౌస్ | సోమవారం, రాత్రి 10:31

కలువరేకు గారూ, మందు సంగతి తర్వాత, ముందు జబ్బేమిటో చూద్దాం. బ్రౌజర్ తనంతట తాను అంకెలు కనిపెట్టదు. తన దగ్గర ఉన్నదే తెచ్చి పెడుతుంది. కాబట్టి దాని దగ్గర ఏముందో మీ కళ్ళతో మీరే చూడండి.

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కితే 'పాస్‌వర్డ్స్ అండ్ ఆటోఫిల్' ఉంటుంది, అందులో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్. ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతల మెనూలో 'పాస్‌వర్డ్స్'. అక్కడ మీ ఆఫీసు సైటు పేరు వెతికి మూడు సంగతులు చెప్పండి. ఆ సైటుకు ఎన్ని ఎంట్రీలున్నాయి? ఒక్కోదానిలో యూజర్‌నేమ్ దగ్గర ఏముంది? సైటు చిరునామా అన్నింట్లో ఒకటేనా, తేడా ఉందా? పాస్‌వర్డ్లు మాత్రం ఇక్కడ పెట్టకండి. ఫొటో పెట్టాలనుకుంటే ఉద్యోగి నంబరు కూడా చెరిపేయండి.

ఇంకొకటి. ప్రతిసారీ 'పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా?' అని అడుగుతోందా? మీరేం నొక్కుతున్నారు?

---

కలువరేకు | సోమవారం, రాత్రి 11:02

అవునండీ, ప్రతిసారీ అడుగుతోంది. నేను ప్రతిసారీ 'సేవ్' అనే నొక్కుతున్నాను! ఈసారైనా గుర్తుపెట్టుకుంటుందని ఆశ.

క్రోమ్‌లో చూశాను. 14 ఎంట్రీలున్నాయి! ఒకదానిలో నా నంబరు సరిగ్గానే ఉంది కానీ సైటు చిరునామా మొదట్లో వేరే పదం ఉంది, పాత పేజీదనుకుంటా. ఒకదానిలో యూజర్‌నేమ్ ఖాళీ. మిగతా 12 ఎంట్రీల్లో అన్నీ అయిదంకెల సంఖ్యలు, ఒకదానికొకటి పోలిక లేదు. వాటిలో రెండింట్లో పాత పాస్‌వర్డ్ ఉంది, తక్కినవాటిలో కొత్తది.

ఎవరో దొంగ నంబర్లతో ప్రయత్నిస్తున్నట్టు లేదూ ఇది?

---

సెమీకోలన్ | సోమవారం, రాత్రి 11:10

ఒక్క ప్రశ్న. కొత్త లాగిన్ పేజీలో క్యాప్చా ఉందా? బొమ్మలో కనిపించే అంకెలు చూసి టైపు చేయమనేది?

---

కలువరేకు | సోమవారం, రాత్రి 11:14

ఉంది! నంబరు పెట్టె, దాని కింద క్యాప్చా, దాని కింద పాస్‌వర్డ్.

అయ్యో. ఆ అయిదంకెలు...

---

సెమీకోలన్ | సోమవారం, రాత్రి 11:29

అవే. దొంగ ఎవరూ లేరు, ఆ 12 సంఖ్యలూ మీరు మీ చేత్తో టైపు చేసినవే. నిశ్చింతగా పడుకోండి.

సంగతేమిటంటే, పేజీలో ఏది పాస్‌వర్డ్ పెట్టె అన్నది బ్రౌజర్‌కు తేలిగ్గా తెలుస్తుంది, ఎందుకంటే దాని రకమే వేరు, చుక్కలు పడే పెట్టె అది. యూజర్‌నేమ్‌కి అలాంటి ప్రత్యేకమైన రకం లేదు. పేరు, ఊరు, క్యాప్చా అన్నీ మామూలు టెక్స్ట్ పెట్టెలే. అందుకని సైటువాళ్ళు ఏమీ చెప్పకపోతే బ్రౌజర్ ఊహిస్తుంది. 'పాస్‌వర్డ్‌కి సరిగ్గా ముందున్న టెక్స్ట్ పెట్టె యూజర్‌నేమ్ అయి ఉండాలి' అన్నది ఆ ఊహల్లో ముఖ్యమైనది. చాలా పేజీల్లో అది నిజమే. మీవాళ్ళు ఆ రెండింటి మధ్య క్యాప్చాను దూర్చారు. దాంతో బ్రౌజర్ దృష్టిలో ప్రతి క్యాప్చా ఒక కొత్త యూజర్. కొత్త యూజర్ వచ్చాడు కాబట్టి సేవ్ చేయనా అని అడిగింది, మీరు సరే అన్నారు.

పాత పాస్‌వర్డ్ ఉన్న రెండూ మీరు పొరపాటున పాతది కొట్టినప్పుడు సేవ్ అయినవి. లాగిన్ ఫెయిలయినా సరే, పేజీ మారిన తీరును బట్టి బ్రౌజర్ ఒక్కోసారి అది గెలిచిందనే అనుకుంటుంది. ఖాళీ యూజర్‌నేమ్ ఉన్నది బహుశా పాస్‌వర్డ్ మార్చుకున్న రోజుది. ఆ పేజీలో 'పాతది, కొత్తది, మళ్ళీ కొత్తది' అని మూడు పెట్టెలే ఉంటాయి, పేరు ఎక్కడా ఉండదు. దాంతో ఎవరిదో తెలియకుండానే దాచుకుంటుంది.

---

చిట్టిగువ్వ | సోమవారం, రాత్రి 11:33

క్యాప్చాని యూజర్‌నేమ్ అనుకుని 12 సార్లు దాచుకుందా! పాపం.

---

పాతమౌస్ | మంగళవారం, ఉదయం 6:48

సెమీకోలన్ గారు పట్టేశారు. ఇక శుభ్రం చేసే పని. వరస తప్పకండి.

ముందు పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్లన్నిటినీ ఒక ఫైలుగా దించి పెట్టుకోండి. చెయ్యి జారి వేరేది డిలీట్ అయితే అదే దిక్కు. కానీ ఆ సీఎస్‌వీ ఫైలుకు తాళం ఉండదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మీ పాస్‌వర్డ్లన్నీ పేపర్లో అచ్చేసినట్టు కనిపిస్తాయి. పని అవ్వగానే తీసేయాలి, మెయిల్లో పంపుకోకూడదు.

తర్వాత పాత చిరునామా ఎంట్రీ, ఖాళీ ఎంట్రీ, అంకెల ఎంట్రీల్లో 11 తీసేయండి. కొత్త పాస్‌వర్డ్ ఉన్నది ఒక్కటి మిగుల్చుకుని, దాని యూజర్‌నేమ్‌ని ఎడిట్ చేసి మీ నంబరు పెట్టండి.

పాత ఎంట్రీ ఎందుకు తీయమంటున్నానంటే, అసలు డొమైన్ (చిరునామాలో సైటు సొంత పేరు) ఒకటే అయి ముందు పదం మారినప్పుడు చాలా బ్రౌజర్లు 'ఇది కూడా పనికొస్తుందేమో' అని పాతదాన్నీ జాబితాలో చూపిస్తాయి. తొందరలో దాన్నే ఎంచుకుంటాం.

---

ఎర్రడైరీ | మంగళవారం, ఉదయం 7:20

ఇంత గొడవ ఎందుకండీ. నేను డైరీలో రాసుకుంటాను. దాన్ని ఎవడూ హ్యాక్ చేయలేడు.

---

సెమీకోలన్ | మంగళవారం, ఉదయం 8:02

డైరీ చెడ్డదని అననండీ. ఇంట్లోనే ఉండే డైరీ చాలామందికి మంచిదే. కానీ డైరీ చేయలేని పని ఒకటి బ్రౌజర్ చేస్తుంది, చిరునామా చూస్తుంది. మీ బ్యాంకు పేజీని అచ్చు గుద్దినట్టు దించి, చిరునామాలో ఒక్క అక్షరం తేడాతో ఎవరైనా పెట్టారనుకోండి. మన కన్ను మోసపోతుంది, డైరీ చూసి టైపు చేసేస్తాం. బ్రౌజర్ దగ్గర ఉన్నది అసలు చిరునామాకు కట్టిన పాస్‌వర్డ్ కాబట్టి ఆ నకిలీ పేజీలో నింపదు.

అందుకే ఇక్కడ చదివే అందరికీ ఒక మాట. రోజూ నిండే పేజీలో ఉన్నట్టుండి నిండకపోతే 'ఆటోఫిల్ చెడింది' అనుకుని కాపీ పేస్టు చేయకండి. ముందు అడ్రస్ బార్ చదవండి.

---

ఎర్రడైరీ | మంగళవారం, ఉదయం 8:15

ఇది ఆలోచించలేదు. అయినా డైరీ మానను.

---

కలువరేకు | మంగళవారం, రాత్రి 8:50

అన్నీ చెప్పినట్టే చేశాను. ఇప్పుడు ఒక్కటే ఎంట్రీ ఉంది, నా నంబరుతో. కానీ పేజీ తెరిస్తే నా నంబరు వెళ్ళి క్యాప్చా పెట్టెలో కూర్చుంటోంది! పైన నంబరు పెట్టె ఖాళీ. సగం గెలిచినట్టా, ఓడినట్టా?

ఇంకో వింత కూడా ఉంది. పాస్‌వర్డ్ చుక్కలు కనిపిస్తున్నా లాగిన్ బటన్ బూడిద రంగులోనే ఉంటుంది. పేజీలో ఖాళీ చోట ఎక్కడైనా ఒక క్లిక్ కొడితే అప్పుడు వెలుగుతుంది.

---

సెమీకోలన్ | మంగళవారం, రాత్రి 9:25

బటన్ సంగతి ముందు చెబుతాను, అది నాకు ఇష్టమైన విషయం. అది చెడిపోవడం కాదు, బ్రౌజర్ తీసుకునే జాగ్రత్త. పేజీ తెరుచుకోగానే క్రోమ్ చుక్కలు చూపిస్తుంది కానీ అసలు పాస్‌వర్డ్‌ని పేజీలోని స్క్రిప్టు (పేజీని నడిపే కోడ్) చేతికి ఇవ్వదు. మీరు ఒక క్లిక్కో కీ నొక్కడమో చేశాకే ఇస్తుంది. అప్పటిదాకా స్క్రిప్టుకు ఆ పెట్టె ఖాళీ, అందుకే బటన్ నిద్రపోతుంది.

ఎందుకింత అనుమానం అంటారా? 2017 చివర్లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. కొన్ని ట్రాకింగ్ స్క్రిప్టులు పేజీలో కంటికి కనపడని లాగిన్ ఫారం ఒకటి పెడుతున్నాయి, బ్రౌజర్ అమాయకంగా దాన్ని నింపగానే ఈమెయిల్ చిరునామాను లాక్కుని మనిషిని గుర్తుపట్టడానికి వాడుకుంటున్నాయి. వెయ్యి పైచిలుకు సైట్లలో అలాంటి స్క్రిప్టులు దొరికాయి. అలాంటివాటికి భయపడేవాళ్ళు ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగానికి వెళ్ళి, పేరూ పాస్‌వర్డూ వాటంతటవే నింపే టిక్కు తీసేయచ్చు. పెట్టెలో క్లిక్ చేసి ఎంచుకుంటేనే పడుతుంది.

ఇక మీ నంబరు క్యాప్చాలో కూర్చోవడం. దాచేటప్పుడు చేసిన ఊహే నింపేటప్పుడూ చేస్తోంది. పాస్‌వర్డ్‌కి ముందున్న పెట్టె కాబట్టి అందులో పెడుతోంది. ఇది మీ వైపు నుంచి పూర్తిగా బాగయ్యేది కాదు. సైటువాళ్ళు చేయాల్సింది పావుగంట పని. పేజీ కోడ్‌లో నంబరు పెట్టెకు ఆటోకంప్లీట్ అనే గుణంలో 'యూజర్‌నేమ్' అని, పాస్‌వర్డ్ పెట్టెకు 'కరెంట్-పాస్‌వర్డ్' అని రాయాలి. పాస్‌వర్డ్ మార్చే పేజీలో కొత్తదానికి 'న్యూ-పాస్‌వర్డ్'. అప్పుడు బ్రౌజర్‌కు ఊహించే పనే ఉండదు.

పందెం కాస్తాను, ఇప్పుడు అక్కడ 'ఆఫ్' అని రాసి ఉంటుంది.

---

పాతమౌస్ | మంగళవారం, రాత్రి 9:40

సెక్యూరిటీ పేరుతో 'ఆఫ్' పెట్టడం పాత అలవాటు. లాగిన్ పెట్టెల దగ్గర దాన్ని బ్రౌజర్లు పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి. క్రోమ్ 34 నుంచి, ఫైర్‌ఫాక్స్ 38 నుంచి. పాస్‌వర్డ్ దాచుకోనివ్వకపోతే జనం అన్నిచోట్లా ఒకటే చిన్న పాస్‌వర్డ్ పెట్టుకుంటారు, దానికన్నా ఇదే నయమన్నది వాళ్ళ లెక్క. నాకూ అదే సబబనిపిస్తుంది.

సైటువాళ్ళు కదిలేలోపు ఒక దారి ఉంది. కీపాస్‌ఎక్స్‌సీ అనే ఉచిత పాస్‌వర్డ్ మేనేజర్ తెలుసు కదా, దాని బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లో (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఈ సైటుకు ఏది యూజర్‌నేమ్ పెట్టె, ఏది పాస్‌వర్డ్ పెట్టె అని వేలుపెట్టి చూపించవచ్చు. ఒకసారి చూపిస్తే గుర్తుపెట్టుకుంటుంది. అది పెట్టుకుంటే బ్రౌజర్ సొంత మేనేజర్‌లో 'సేవ్ చేయనా' అని అడగడం ఆపేయండి. ఇద్దరు వంటవాళ్ళు ఒకే గిన్నెలో గరిటె పెడితే ఏమవుతుందో తెలుసుగా. ఇక్కడికి వచ్చే ఆటోఫిల్ ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అదే, రెండు మేనేజర్లు ఒకే పెట్టె కోసం కొట్టుకోవడం.

---

గాలిపటం | బుధవారం, మధ్యాహ్నం 1:12

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది లినక్స్. కంప్యూటర్ ఆన్ చేసి క్రోమ్ తెరిచిన ప్రతిసారీ 'కీరింగ్ పాస్‌వర్డ్ ఇవ్వండి' అని ఒక కిటికీ వస్తుంది. క్యాన్సిల్ కొడితే పాస్‌వర్డ్లేవీ నిండవు. ఏం చేయాలి?

---

వేదిక కాపరి | మంగళ, బుధ వారాల మోడరేటర్ | బుధవారం, మధ్యాహ్నం 1:30

గాలిపటం గారూ, వేరే సమస్యకు వేరే చర్చ మొదలుపెట్టండి. ఈసారికి ఎవరైనా ఒక్క సమాధానం ఇచ్చి వదిలేయండి.

---

పెంగ్విన్ మావయ్య | బుధవారం, మధ్యాహ్నం 1:58

ఆ ఒక్కటీ నేనే ఇస్తా. గాలిపటం, నువ్వు కంప్యూటర్‌ని పాస్‌వర్డ్ అడక్కుండా నేరుగా లాగిన్ అయ్యేలా పెట్టుకున్నావు కదూ? లినక్స్‌లో క్రోమ్ తన తాళంచెవిని కీరింగ్ అనే పెట్టెలో దాస్తుంది. ఆ పెట్టె మామూలుగా నీ లాగిన్ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. లాగిన్ పాస్‌వర్డే కొట్టకపోతే దాన్ని తెరిచేదెవరు? ఆటోలాగిన్ తీసేయి, కిటికీ పోతుంది. కీరింగ్‌కి ఖాళీ పాస్‌వర్డ్ పెట్టుకోమని కొందరు చెబుతారు, అది తలుపు తీసి పడుకోవడమే.

విండోస్ వాళ్ళు నవ్వకండి. మీకూ ఇలాంటిదే ఉంది. మీ విండోస్ పాస్‌వర్డ్‌ని మీరు మార్చుకుంటే ఫర్వాలేదు కానీ, ఇంకొక అడ్మిన్ అకౌంటులోంచి బలవంతంగా రీసెట్ చేయిస్తే బ్రౌజర్ దాచిన పాస్‌వర్డ్లు మళ్ళీ తెరుచుకోకపోవచ్చు. ఫైళ్ళు ఉంటాయి, తాళంచెవి పోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో కూడా ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేసుకునేటప్పుడు లాగిన్స్ ఫైలు ఒక్కటే తెచ్చుకుని, పక్కనున్న కీ ఫైలు వదిలేసి లబోదిబోమన్నవాళ్ళు నాకు తెలుసు. ఒకడు నేనే.

---

గాలిపటం | బుధవారం, మధ్యాహ్నం 2:20

ఆటోలాగిన్ తీసేశాను, కిటికీ రాలేదు. థాంక్యూ మావయ్యా!

---

జెట్‌స్పీడ్ | బుధవారం, సాయంత్రం 5:05

నాదీ ఒక చిట్కా. పాస్‌వర్డ్లకు కాదు, మామూలు ఫారాల్లో ఎప్పుడో తప్పు కొట్టిన ఈమెయిల్ పదేపదే సూచనగా వస్తుంటే, దాని మీదికి కింది బాణం కీతో వెళ్ళి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. ఆ ఒక్కటే పోతుంది. అంతా క్లియర్ చేయక్కర్లేదు. చూశారా, నేను కూడా మారాను.

---

చిట్టిగువ్వ | బుధవారం, సాయంత్రం 5:11

చూశాం తమ్ముడూ.

---

కలువరేకు | శనివారం, ఉదయం 10:36

ఆలస్యానికి క్షమించండి. కీపాస్‌ఎక్స్‌సీ పెట్టాను. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలునే అందులోకి తీసుకున్నాను, పాస్‌వర్డ్లన్నీ వచ్చేశాయి. ఎక్స్‌టెన్షన్‌లో పెట్టెలు చూపించాను. మూడు రోజులుగా నా నంబరు నంబరు పెట్టెలోనే పడుతోంది. క్యాప్చా నేనే కొడుతున్నాను, అది నా పనేగా.

మా ఆఫీసు సాంకేతిక విభాగానికి సెమీకోలన్ గారు చెప్పిన ముక్కలు అలాగే రాసి పంపాను. 'భద్రత దృష్ట్యా ఆటోకంప్లీట్ ఆఫ్ చేశాం' అని జవాబొచ్చింది. ఎవరూ పందెం కాయలేదు కాబట్టి సరిపోయింది. మళ్ళీ రాశాను. ఈసారి ఆ అయిదంకెల సంఖ్యలు పన్నెండూ ఉన్న ఫొటో జతచేశాను. అక్కడ ఎవరికో నవ్వొచ్చినట్టుంది, 'క్యాప్చాను పాస్‌వర్డ్ కిందికి మార్చే విషయం చూస్తాం' అన్నారు.

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు.

---

పాతమౌస్ | శనివారం, ఉదయం 11:02

సంతోషం. ఆ సీఎస్‌వీ ఫైలు తీసేశారా?

---

కలువరేకు | శనివారం, ఉదయం 11:04

అయ్యో! డౌన్‌లోడ్స్‌లోనే ఉంది. ఇదిగో, డిలీట్ చేసేశాను.

---

పాతమౌస్ | శనివారం, ఉదయం 11:05

రీసైకిల్ బిన్?

---

కలువరేకు | శనివారం, ఉదయం 11:06

...ఇప్పుడే ఖాళీ చేస్తున్నానండీ.